కిర్రుమనని టాపు

ఆ చలికాలం సెలవులు పది రోజులు. పది రోజులూ పడుకోవాలని నేను ముందే నిర్ణయించుకున్నాను. జ్యోతినగర్‌ బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ గొంతు పోయింది, మోకాళ్లు అంతకుముందే పోయాయి, మిగిలిన కాస్త ఓపిక పరీక్ష పేపర్లు దిద్దడంలో పోయింది. మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి దుప్పటి తల మీదికి లాక్కుని పడుకుని ఉండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు కారు పిచ్చి వట్టింది. భాయి దుకాణం ఎనుక పడున్న తుక్కు కారు బాగు చేస్తడట. జర వచ్చి సమజ్ చెయ్యి."

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, మా ఊరి ఆడపిల్ల. ఆమెను చేసుకున్నవాడు బడిలో నా పక్కన కూర్చునేవాడు. పెళ్లి నాటి నుంచి వాడు నాకు బావ, వాడికి నేను మాస్టర్. గోదావరిఖని పక్కన ఒక భూగర్భ గనిలో బావ బొగ్గు నింపేవాడు. ఏడేళ్ల కింద ఒక షిఫ్టులో పైకప్పు కూలింది. ఐదు గంటల తర్వాత బండల కింద నుంచి బయటికి తీశారు. విరిగిన నడుము అతుక్కుంది కాని మనిషి అతుక్కోలేదు.

గనిలో కప్పు కూలే ముందు చప్పుడు చేస్తుంది. "కప్పు మాట్లాడుతుంది" అంటారు అక్కడివాళ్లు. ఆ రోజు అది కిర్రుమన్న చప్పుడు బావ చెవిలోనే ఉండిపోయింది. బస్సు ఎక్కితే పైన రేకు కిర్రుమంటుంది, బావకు ఊపిరి ఆడదు. కారైనా అంతే, ఆటో అయినా అంతే. సొంత క్వార్టర్‌లో కూడా గుమ్మం పక్కన కూర్చుని తింటాడు, వాకిట్లో పడుకుంటాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు ఆయనకు గేటు దగ్గర వేపచెట్టు కింద లారీల నంబర్లు రాసే డ్యూటీ ఇచ్చారు. ఎండాకాలం, వానాకాలం అక్కడే.

నేను చెప్పులేసుకుని తిట్టుకుంటూనే పోయాను. బావ నన్ను చూసి కుర్చీ వాకిట్లోకి జరిపాడు. నేను సమజ్ చెయ్యడానికి ఏర్పాటు చేసుకున్న మాటలన్నీ ఉన్నాయి: ఈ వయసులో ఇదేం పని, నీ నడుమేంది, ఆ కారేంది. మొదలుపెట్టకముందే ఆయన అన్నాడు.

"మీ అక్కకు మల్ల ఆపరేషన్ అన్నరు. కరీంనగర్‌ల. గడ్డ మల్ల వచ్చిందట. ఇంకో పది దినాలకు."

ఆ సంగతి నాకు తెలియదు. అక్క ఫోన్‌లో కారు గురించి చెప్పింది గాని గడ్డ గురించి చెప్పలేదు.

"పోయినేడు ఎట్లయిందో నీకెర్కనే. ట్రాలీ ఆటో ఎనుక కూసొని పోయిన. పెద్దపల్లి కాడ నడుము పట్టేసింది. రోడ్డు పక్క పండుకున్న. అది ఒక్కతే పోయింది, వాళ్ల సొంత తమ్ముడు వచ్చిండు. కండ్లు తెరిస్తె తమ్ముడు కనబడ్డడట. 'నువ్వు యాడున్నవో అనుకున్న' అన్నది నాతోని. గంతే అన్నది, ఇంకేమనలే." బావ నా కుర్చీ దగ్గరికి జరిగాడు. "ఈసారి డాక్టరు పెద్ద ఆపరేషన్ అంటుండు. అది కండ్లు తెరిసేటప్పటికి నేనుండాలె మాస్టర్."

మెత్తటి సీటు ఉండాలి, పైన కప్పు ఉండకూడదు. అలాంటి బండి మా బొగ్గు బెల్టు మొత్తంలో ఒక్కటే ఉంది. నేను సమజ్ చెయ్యడానికి పోయి సమజ్ అయి వచ్చాను. నా సెలవులు ఆ పొద్దుతోనే అయిపోయాయి.

కారు సంగతి చెప్పాలి. భాయి మా మూడో దోస్తు. మెయిన్ రోడ్డు మీద సీటు కవర్లు కుట్టే దుకాణం, పక్కనే మెకానిక్ షెడ్డు, రెండూ ఆయనవే. ఆ కారు మొదట ఒక డాక్టరుగారిది. రెండు తలుపులు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. తర్వాత బ్యాండు మేళంవాళ్లు తీసుకుని పెళ్లి బరాతులకు తిప్పారు. పెళ్లికొడుకులు ఎక్కీ దిగీ సీట్లు చిరిగాక భాయి వాళ్ల నాయన షెడ్డు వెనక పెట్టించాడు. పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. ముళ్లకంప పెరిగి ఒక తలుపులోంచి లోపలికి పోయి ఇంకో తలుపులోంచి బయటికి వచ్చింది. సీటు కింద ఎలుకలు మూడు తరాలు సంసారం చేసి ఉంటాయి. పైన బొగ్గుదుమ్ము వేలెడు మందం.

భాయి బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి అటూ ఇటూ కదిపి చూశాడు. "ఇంజన్ పాత వ్యాన్‌ది ఒకటుంది, ఏస్త. బ్రేకులు చేస్త. సీట్లు కుడ్త. తుప్పు గోకుడు మాస్టర్ పని," అన్నాడు.

"నాకే ఎందుకు?"

"నీకు సెలవులు గద."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోకాను. గరుకు కాగితంతో ఒక తలుపు గోకితే అరచేతులు మంట. తుప్పు ముక్కులోకి పోయి తుమ్మితే ఎర్రగా వచ్చేది. నేను వంగితే లేవలేను, లేస్తే వంగలేను. భాయి వచ్చి చూసి, "హల్లూ, మాస్టర్, హల్లూ. రేకు పల్చగైంది, నీ కోపమంత దాని మీద చూపియ్యకు" అని నెమ్మదిగా చెయ్యమనేవాడు. ఇంటికి పోయి వేడినీళ్లు పోసుకుని కూర్చుంటే మా ఆవిడ, "సెలవులు బాగున్నయా" అని అడిగేది. నేను ఇంకో చెంబు వేడినీళ్లు అడిగేవాణ్ని.

మూడో రోజు నాలుగో దోస్తు వచ్చాడు. మేం అతణ్ని అన్న అంటాం, మాకంటే రెండేళ్లు పెద్ద. అదే గనిలో టింబర్‌మ్యాన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలూ ఇనుప కమ్ములూ ఆనించే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. కప్పు కూలిన రోజు ఆ చోట దిమ్మెలు పెట్టింది కూడా అతనే. ఎంక్వయిరీలో ఎవరి తప్పూ లేదని తేల్చారు. బావ దవాఖానలో ఉన్నన్నాళ్లు అన్న రోజూ పోయి వార్డు బయట నిలబడి వచ్చేవాడు. కాని ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కొట్లాట ఏం లేదు. ఒకే చోట కూర్చుంటారు, ఒకే టీ కెటిల్లోంచి పోసుకుంటారు. మాటలు మాత్రం నా ద్వారా నడుస్తాయి. ఏడేళ్లుగా నేను వాళ్లిద్దరి మధ్య పోస్టుమ్యాన్‌ని. విసుగు పుట్టి మానేద్దామనుకున్నా మానలేకపోయాను.

అన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, మడిచే టాపు తాలూకు కమ్ములు పట్టుకుని ఊపాడు. తుప్పు పట్టిన మడతబందులు కిర్రుమన్నాయి. మూడడుగుల దూరంలో నిలబడ్డ బావ ముఖం పాలిపోయింది.

"టాపు నేను చేస్తనని చెప్పు," అన్నాడు అన్న నాతో.

"టాపు ఎందుకని అడుగు," అన్నాడు బావ నాతో.

దీనికి భాయి జవాబు చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక అక్కను అదే కారులో తేవాలి. చలికాలం, పైన గుడ్డ లేకుండా ఎట్లా తెస్తాం. పోయేటప్పుడు టాపు మడవాలి, వచ్చేటప్పుడు ఆమె మీద కప్పాలి. అప్పటికి బావ నడుము ఒప్పుకుంటే ట్రాలీ ఆటోలో పడుకుని వస్తాడు, లేకపోతే నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. బావ ఒప్పుకున్నాడు.

"కిర్రుమనొద్దని చెప్పు," అన్నాడు.

నేను చెప్పాను. "కిర్రుమనొద్దంట అన్నా." అంతే చెప్పాను. మడవాలన్న మాట భాయి అందరి ముందే అన్నాడు కదా, మళ్లీ చెప్పడం ఎందుకనుకున్నాను. అన్న అప్పటికే కమ్ముల మీద చెయ్యి పెట్టి ఏదో ఆలోచిస్తున్నాడు. ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. కమ్ములు ఊడదీసి సైకిల్ మీద కట్టుకుని తన క్వార్టర్‌కు తీసుకుపోయాడు.

అక్కడి నుంచి రోజులు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అన్నకు సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లో వెల్డింగ్ చేసుకునేవాడు. బావ డ్యూటీ దిగి వచ్చి పాత సీట్లలోంచి స్ప్రింగులు వేరుచేసేవాడు. భాయి ఇంజన్ దించి, ఎక్కించి, మళ్లీ దించాడు. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బండలు పేల్చే బ్లాస్టింగ్ సైరన్ మోగగానే బావ పని వదిలేసి షెడ్డు బయటికి, రోడ్డు అవతలికి నడిచి ఖాళీ జాగాలో నిలబడేవాడు. రేకులన్నీ గడగడలాడి ఆగాక తిరిగి వచ్చేవాడు. మేం ఎవరం అటు చూసేవాళ్లం కాదు. ఏడో రోజు ఇంజన్ స్టార్ట్ అయింది, దగ్గింది, నల్లటి పొగ వదిలింది, ఆగింది. ఎనిమిదో రోజు ఆగకుండా నడిచింది. సంతోషపడటానికి కూడా ఎవరికీ సత్తువ లేదు. భాయి నేల మీద అలాగే కూర్చుండిపోయి, "చాయ్ చెప్పు" అన్నాడు.

తొమ్మిదో రోజు శుక్రవారం. అన్న ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టాడు. భాయి నమాజుకు, నేను అన్నం తినడానికి పోయిన సమయంలో అన్న టాపు తెచ్చి బిగించాడు. నేను తిరిగి వచ్చేసరికి టార్పాలిన్ కూడా కట్టేశాడు. చూస్తే ఏదో తేడాగా ఉంది. దగ్గరికి పోయాను. మడతబందులన్నిటినీ వెల్డింగ్ చేసి మూసేశాడు. అడ్డంగా మూడు కమ్ములు కొత్తగా వేశాడు. అవి చాలవన్నట్టు సీట్ల పక్కనుంచి నాలుగు ఇనుప స్తంభాలు కింది నుంచి పైకి ఆనించి బోల్టులు బిగించాడు. గనిలో కప్పు ఆపినట్టే ఆపాడు. ఒక బండ వచ్చి పడినా ఆ కారుకు ఏమీ కాదు.

"అన్నా, ఇది మడుస్తదా?"

"మడిస్తె కదులుతది. కదిలితె కిర్రుమంటది," అన్నాడు అన్న, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "బందు ఉన్నకాడనే సప్పుడు పుడ్తది. బందే లేకుండ చేసిన."

అప్పుడే బావ డ్యూటీ దిగి వచ్చాడు. సైరన్ కూడా అప్పుడే మోగింది. బావ వెనక్కి తిరిగేలోపు బ్లాస్టింగ్ అయింది. నేల అదిరింది, షెడ్డు రేకులు మోగాయి, భాయి దుకాణం అద్దాలు మోగాయి. కారు టాపు మాత్రం కదల్లేదు. అన్న దాని మీద చెయ్యి వేసి, ఏడేళ్లలో మొదటిసారి బావ ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"ఇన్నవా. సప్పుడు లేదు. ఎక్కి కూసో, ఏం గాదు."

బావ కారు దగ్గరికి వచ్చాడు. స్తంభాలు చూశాడు, కమ్ములు చూశాడు. ఆయన చెయ్యి తలుపు దాకా పోయి ఆగిపోయింది. చెమట పట్టింది.

"ఏడేండ్ల కింద కట్టవల్సిన కప్పు ఇయ్యాల కట్టినవ్," అన్నాడు.

అని వెళ్లిపోయాడు. సైకిల్ నడిపించుకుంటూ, ఎక్కకుండానే పోయాడు. ఆ మాట ఎన్నేళ్ల నుంచి లోపల పెట్టుకున్నాడో. నేను అన్న వైపు చూడలేకపోయాను. చూడకపోయినా తెలుస్తూనే ఉంది, మనిషి నిలబడ్డచోటే చిన్నగా అయిపోయాడు.

కాసేపటికి అన్న భాయి సామాన్ల పెట్టెలోంచి హ్యాక్సా రంపం తీశాడు. బోల్టులు విప్పొచ్చు కదా అంటే, బోల్టుల తలలు కూడా వెల్డింగ్ చేశానన్నాడు. గ్యాస్ కటింగ్‌వాడు ఆ రోజు దొరకలేదు. రెండున్నర గంటలు కోశాడు. నేను స్తంభాలు పట్టుకుని నిలబడ్డాను, భాయి బ్లేడ్లు మార్చి ఇచ్చాడు. మడవాలన్న మాట నేను చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదని నాకు తెలుసు. ఆ సంగతి చెప్పాను కూడా. "నువ్వు చెప్పినా నేను గట్లనే చేస్తుంటి మాస్టర్," అన్నాడు అన్న, కొయ్యడం ఆపకుండా. ఆఖరి కమ్మి తీశాక ఆ ఇనుమంతా షెడ్డు మూలకు చేర్చి, చేతులు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు. వచ్చేటప్పుడు అక్క మీద కప్పడానికి టార్పాలిన్ మడిచి వెనక సీటు కింద పెట్టాం.

మర్నాడు పొద్దున ఆరున్నరకు, భాయిని దుకాణం దగ్గరే వదిలి, నేను కారు తీసుకుని బావ క్వార్టర్ ముందుకు పోయేసరికి మంచు ఇంకా విడలేదు. అన్న అక్కడ నిలబడి ఉన్నాడు. మంకీ క్యాప్, మఫ్లర్, చేతిలో టిఫిన్ డబ్బా. ఎవరూ పిలవలేదు. బావ చూశాడు, వద్దనలేదు. అక్క మాత్రం, "ఎక్కు అన్నా, చలిల ఎందుకు నిలవడ్డవ్" అని వెనక సీట్లో జరిగింది. బావ ముందు నా పక్కన కూర్చున్నాడు.

అంత చలిలో నేనెప్పుడూ బండి నడపలేదు. ముక్కు, చెవులు ఉన్నాయో లేదో తెలియలేదు. బొగ్గు లారీల వెనక పోతుంటే కళ్ల నిండా దుమ్ము. బసంత్‌నగర్ దాటాక ఎండ వచ్చింది. బావ తల వెనక్కి వాల్చి ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాడు. పెద్దపల్లి వచ్చింది, పోయింది. పోయినేడు పడుకున్న జాగా కూడా పోయింది. అక్క వెనక నుంచి చెయ్యి చాపి ఆయన భుజం మీద వేసింది. సుల్తానాబాద్‌లో రేడియేటర్ పొగలు కక్కితే నీళ్లు పోయడానికి ఆగాం. టీ కొట్టు దగ్గర ఒకాయన, "పెండ్లికొడుకు ఏడి" అని అడిగాడు. అక్క నవ్వింది. బావ కూడా నవ్వాడు. కరీంనగర్‌లో దవాఖాన గేటు దాకా మేం అందరం దాదాపు సంతోషంగానే ఉన్నాం.

గేటు దగ్గర తెలిసింది మేం ఎంత తెలివితక్కువవాళ్లమో. నాలుగంతస్తుల దవాఖాన. ఆపరేషన్ థియేటర్ రెండో అంతస్తులో. దాని ముందు మనుషులు కూర్చునే హాలు, పైన తెల్లటి అట్టల సీలింగ్, ఏసీ గాలికి ఆ అట్టలు సన్నగా కిర్రుకిర్రుమంటున్నాయి. ఇంజన్ గురించి ఆలోచించాం, బ్రేకుల గురించి, స్ప్రింగుల గురించి, టాపు గురించి ఆలోచించాం. పది రోజుల్లో ముగ్గురికీ, బావతో కలిపి నలుగురికీ, దవాఖానకు కప్పు ఉంటుందన్న సంగతి తట్టలేదు. లెక్కలు చెప్పేవాణ్ని నేను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

బావ హాలు గుమ్మం దాకా, మెట్ల మీదుగా కష్టపడి వచ్చాడు. ఆ చప్పుడు విని అక్కడే ఆగిపోయాడు. ఊపిరి ఎగబోస్తోంది. నర్సు అక్కకు ఆకుపచ్చ గౌను ఇచ్చి జల్ది రమ్మంది. అక్క బావ దగ్గరికి వచ్చింది.

"సాలు. గింత దూరం వచ్చినవ్ గద. కింద కారుల కూసో. నాకు తెలుస్తది నువ్వు వచ్చినవని," అని లోపలికి పోయింది. ఆమె మాట నింపాదిగానే ఉంది, గౌను మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

బావ కిందికి దిగి బయట మెట్ల మీద కూలబడ్డాడు. ఆయన పక్కన కూర్చుని నేను నా చేతుల మీద తుప్పు మరకలు చూసుకుంటున్నాను. అన్న మాతో దిగలేదు. ఎంతకీ రాకపోతే నేను పైకి పోయాను.

హాలు నడుమ అన్న, ఊడ్చే ఆమెను అడిగి తీసుకున్న పొడుగాటి కర్ర పట్టుకుని, కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కర్రతో ఒక అట్ట పైకి లేపి, లోపలి స్లాబును కొట్టి, తల వంచి వింటున్నాడు. టింబర్‌మ్యాన్లు షిఫ్టు మొదలయ్యే ముందు చేసే పని ఇది. రాడ్డుతో కప్పు కొట్టి వింటారు. గట్టి చప్పుడు వస్తే మనుషుల్ని లోపలికి రమ్మంటారు, డొల్ల చప్పుడు వస్తే రానివ్వరు. సెక్యూరిటీ అతను కింద నుంచి అరుస్తున్నాడు, కుర్చీల్లో జనం పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తున్నారు. అన్న వినిపించుకోలేదు. ఒక్కొక్క అట్ట, ఒక్కొక్క మూల. హాలు మొత్తం కొట్టి చూసి, కర్ర తిరిగి ఇచ్చి, కిందికి వచ్చి బావ ముందు నిలబడ్డాడు.

"అట్టలు ఉత్తయే, పడ్డా దెబ్బ తాకది. సప్పుడు వాటిదే. పైన స్లాబు గట్టిగుంది. ఏసీ ఉన్న మూల మాత్రం తడిసింది, ఆడికి పోకు. తలుపు పక్కన మూడో కుర్చీ. ఆడ మంచిగుంది."

బావ తల ఎత్తి అతని వైపు చూశాడు. "కొట్టి చూసినవా?"

"అంత కొట్టి చూసిన."

"ఆ రోజు?"

అన్న మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నాడు. దవాఖాన మెట్ల మీద మనుషులు మా పక్కనుంచి ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"ఆ రోజు చివరి రెండు వరసలు కొట్టలే. మమ్ముల దించే బండి ఆగిపోయి లేటైంది, జల్ది చెయ్యమన్నరు. మంచిగనే ఉందని చెప్పిన. ఎంక్వయిరీల గూడ కొట్టిననే చెప్పిన."

నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. ఏడేళ్లు వాళ్ల మాటలు మోశాను, ఈ మాట మాత్రం ఎన్నడూ నా చేతికి రాలేదు. బావ కొడతాడనుకున్నాను. కొట్టినా నేను ఆపేవాణ్ని కాదు. బావ మెట్టు అంచు గట్టిగా పట్టుకుని, వదిలి, లేవడానికి చెయ్యి చాపాడు. నా వైపు కాదు, అన్న వైపు. అన్న ఆ చెయ్యి పట్టుకుని లేపాడు.

తలుపు పక్కన మూడో కుర్చీలో బావ నాలుగు గంటలు కూర్చున్నాడు. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. చేతులు కుర్చీ కమ్ములను వదల్లేదు. మధ్యలో రెండుసార్లు లేవబోయాడు. అన్న కూర్చోకుండా ఆయన పక్కనే గోడకు ఆనుకుని నిలబడి, పైకప్పు వైపే చూస్తూ ఉన్నాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది, సిగ్గు కూడా వేసింది, అయినా ఆపుకోలేక రెప్పలు వాలిపోయాయి.

చక్రాల మంచం చప్పుడుకు మెలకువ వచ్చింది. అక్కను బయటికి తెస్తున్నారు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. వార్డు బాయ్ మంచాన్ని తలుపు దగ్గర ఒక నిమిషం ఆపాడు. అక్క కళ్లు సగం తెరిచి, చూపు నిలవడానికి కాసేపు తంటాలు పడింది.

"లోపట ఉన్నవా?" అంది.

"ఉన్న," అన్నాడు బావ.